హైదరాబాద్‌లో చదువుకునేవారు ఎక్కడ ఉండాలి? హాస్టళ్ల పోలిక, ఎంపిక సలహా

డిగ్రీకో, ఇంజినీరింగుకో, పీజీకో హైదరాబాద్‌లో సీటు వచ్చిందంటే, ఆ ఇంట్లో మర్నాటి నుంచే మొదలయ్యే చర్చ వసతి గురించి. కాలేజీ ఎంపిక కోసం నెలల తరబడి ర్యాంకుల జాబితాలు తిరగేసిన తల్లిదండ్రులు కూడా ఈ విషయానికి వచ్చేసరికి ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు మూడు చోట్లు చూసి, బంధువులు మంచిదన్న చోట అడ్వాన్సు కట్టేసి, రాత్రి బస్సుకు ఊరెళ్లిపోతుంటారు. నెల తిరగకుండానే అసలు ఇబ్బందులు బయటపడతాయి. కాలేజీకి రెండు బస్సులు మారాల్సి వస్తుంది, మెస్ బిల్లు అనుకున్నదాన్ని దాటుతుంది, మానేసి వేరేచోట చేరదామంటే కట్టిన డబ్బు వెనక్కి రాదు.

విద్యార్థి ముందున్న దారులు స్థూలంగా ఐదు: విశ్వవిద్యాలయ హాస్టల్, ప్రైవేటు కాలేజీ సొంత హాస్టల్, సంక్షేమ శాఖల లేదా ట్రస్టుల హాస్టల్, నగరంలోని ప్రైవేటు హాస్టల్, నలుగురు కలిసి అద్దెకు తీసుకునే గది. వీటిలో నెలకు ఎంత కట్టాలన్న ఒక్క అంకెనే చూసి ఎంచుకునేవారు ఎక్కువ. నా అభిప్రాయంలో ఆ అంకె కన్నా ముందు చూడవలసినవి రెండున్నాయి. రోజులో ప్రయాణానికి ఎంత సమయం పోతుందన్నది మొదటిది. మధ్యలో మానేయవలసి వస్తే అక్కడి షరతులేమిటన్నది రెండోది.

## ముందుగా తేల్చుకోవలసిన కొలమానాలు

ప్రయాణ సమయం. హైదరాబాద్‌లో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాలలో లెక్కించాలి. నగరంలో మెట్రో రైలుకు మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్ల ఎరుపు లైను, నాగోలు నుంచి రాయదుర్గం దాకా నీలం లైను, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా ఆకుపచ్చ లైను నడుస్తున్నాయి. ఎరుపు, నీలం లైన్లు అమీర్‌పేటలో కలుస్తాయి. కాలేజీ ఏ లైను మీద ఉందో అదే లైను మీద, స్టేషనుకు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఉంటే, మ్యాపులో దూరం ఎక్కువ కనిపించినా రోజు సాఫీగా గడుస్తుంది. బషీర్‌బాగ్‌లోని నిజాం కళాశాలలో చదివే విద్యార్థి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా, రైలు మారకుండా అసెంబ్లీ స్టేషనులో దిగి నడిచి వెళ్లిపోవచ్చు. అంతకన్నా దగ్గరలోనే ఉండి ఆటో, ఆపైన బస్సు మారవలసిన విద్యార్థికి అంతకు మించిన సమయం పట్టినా ఆశ్చర్యం లేదు. అమ్మాయిల విషయంలో ఇంకో లెక్క కూడా ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి అమలవుతున్న మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మెట్రో రైలుకు ఇది వర్తించదు. ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న విద్యార్థినికి జీరో టికెట్ ఇవ్వరు కాబట్టి, విజయవాడ నుంచో కర్నూలు నుంచో వచ్చే అమ్మాయిలు బస్ పాస్ ఖర్చు విడిగా వేసుకోవాలి.

ఏడాది మొత్తం ఖర్చు. నెలసరి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం దాదాపు ఎప్పుడూ తప్పుదారి పట్టిస్తుంది. ఒక ఊహా లెక్క చూద్దాం. కాలేజీ సొంత హాస్టల్‌కు ఏడాదికి లక్ష రూపాయలు అనుకుందాం. బయటి ప్రైవేటు హాస్టల్‌లో భోజనంతో కలిపి నెలకు 7,500 అనుకుంటే పది నెలలకు 75,000 అవుతుంది. పైకి 25,000 మిగిలినట్టే ఉంటుంది. అయితే అడ్వాన్సులోంచి మెయింటెనెన్స్ పేరిట 1,500 కోసుకుంటారనుకుందాం. ప్రయాణానికి నెలకు 1,200 చొప్పున 12,000 అవుతుంది. మధ్యాహ్నం క్యాంటీన్లో తినేదానికి, సాయంత్రం టిఫిన్లకు నెలకు వెయ్యి చొప్పున మరో 10,000 కలపాలి. మొత్తం 98,500. తేడా 1,500కు దిగిపోయింది. అంకెలు కాలేజీని బట్టి, పేటను బట్టి మారతాయి గానీ, లెక్క వేయవలసిన పద్ధతి మాత్రం ఇదే.

భోజనం. మెనూ కాగితం మీద ఏముందన్నదాని కన్నా, బిల్లు ఏ పద్ధతిలో వేస్తారు, ఊరెళ్లిన రోజులకు మినహాయింపు ఉందా, ఆలస్యంగా వచ్చినవారికి భోజనం తీసి ఉంచుతారా అన్నవి ముఖ్యం.

నియమాలు, భద్రత. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, అవుటింగ్‌కు ఎవరి అనుమతి కావాలి, అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరు స్పందిస్తారు అన్నవి ఇందులోకి వస్తాయి.

వదిలి వెళ్లే షరతులు. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సులో ఎంత తిరిగి వస్తుంది, ఏడాది ఫీజు కట్టి రెండో నెలలో మానేస్తే ఏమవుతుంది అన్నవి చేరకముందే అడగాలి. చేరిన తర్వాత అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

| వసతి | ఖర్చు | ప్రయాణం | భోజనం | స్వేచ్ఛ | మధ్యలో మానేస్తే |
|---|---|---|---|---|---|
| విశ్వవిద్యాలయ హాస్టల్ | అన్నింటిలో తక్కువ వాటిలో ఒకటి | క్యాంపస్‌లోనే | మెస్‌ను బట్టి మారుతుంది | అబ్బాయిలకు ఎక్కువ, అమ్మాయిలకు తక్కువ | పెద్ద నష్టం ఉండదు, సీటు మళ్లీ దొరకడం కష్టం |
| కాలేజీ సొంత హాస్టల్ | ఎక్కువ | క్యాంపస్‌లోనే లేదా పక్కనే | ఒకే తీరు, మార్పు తక్కువ | తక్కువ | కట్టిన ఫీజు చాలాచోట్ల తిరిగి రాదు |
| సంక్షేమ, ట్రస్టు హాస్టల్ | అతి తక్కువ లేదా ఉచితం | ఉన్నచోటును బట్టి | సాధారణం | మధ్యస్థం | నష్టం లేదు |
| ప్రైవేటు హాస్టల్ | మధ్యస్థం | మనం ఎంచుకున్నదాన్ని బట్టి | మొదటి నెల ఒకలా, తర్వాత ఒకలా | ఎక్కువ | నెల ముందు చెప్పాలి, అడ్వాన్సులో కోత |
| అద్దె గది | తోటివారి సంఖ్యను బట్టి | మనం ఎంచుకున్నదాన్ని బట్టి | మన చేతి వంట, కర్రీ పాయింటు | పూర్తిగా | తోటివారితో పేచీ వచ్చే అవకాశం |

## విశ్వవిద్యాలయ హాస్టళ్లు

ఉస్మానియా (1918), జేఎన్‌టీయూ (1972), హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (1974), తార్నాక పక్కనున్న ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), కోఠీలోని చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట్ల సీటు వచ్చినవారికి హాస్టల్ కూడా వస్తే, మరో ఆలోచన లేకుండా చేరమనే నా సలహా. గది అద్దె నామమాత్రం, తరగతి నడక దూరం, లైబ్రరీ దగ్గర. అన్నిటికీ మించి, ముందు సంవత్సరం అదే కోర్సు చదివినవారు పక్క గదిలో ఉంటారు. పాత ప్రశ్నపత్రాలు, ఫెలోషిప్ దరఖాస్తుల గడువులు, ఏ ప్రొఫెసరు ఏ అంశం మీద పని చేస్తారన్న సమాచారం ఆ గదుల మధ్య తిరిగినంత వేగంగా మరెక్కడా తిరగదు. కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో, రాయదుర్గం మెట్రో స్టేషనుకు కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది కనుక, అక్కడ చదివేవారికి బయట ఉండటం ఖర్చుతోనూ శ్రమతోనూ కూడిన పని. జేఎన్‌టీయూ గేటు ముందే మెట్రో స్టేషను ఉండటం వల్ల అక్కడివారికి బయటి వసతి కూడా అంత ఇబ్బంది కాదు.

చిక్కంతా సీటు దొరకడంలో ఉంది. నగరంలోనే ఇల్లున్నవారికి, ఒక పీజీ చేసి రెండో పీజీలో చేరినవారికి సాధారణంగా హాస్టల్ ఇవ్వరు. డిగ్రీ విద్యార్థుల కన్నా పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు ప్రాధాన్యం దక్కడం కూడా మామూలే. 2022 నవంబరులో నిజాం కళాశాల డిగ్రీ విద్యార్థినులు కొత్త హాస్టల్ భవనాన్ని తమకు కేటాయించాలంటూ ఆందోళనకు దిగవలసి వచ్చింది ఇందువల్లనే. అడ్మిషన్ అయిన వెంటనే గది చేతికి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. జాబితాలు వెలువడి తాళం చేతికొచ్చే దాకా బయట ఉండటానికి డబ్బు, చోటు ముందే సిద్ధం చేసుకోవాలి. ఈ వ్యవధిలో సీనియర్ల గదుల్లో అతిథులుగా తలదాచుకునేవారు చాలామంది.

మెస్ బిల్లు పద్ధతిని ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాలి. చాలాచోట్ల డివైడింగ్ పద్ధతి ఉంటుంది. అంటే నెలలో సరుకులకు, కూరగాయలకు, గ్యాసుకు అయిన మొత్తం ఖర్చును, విద్యార్థులందరూ తిన్న రోజుల మొత్తంతో భాగించి, రోజుకు ఇంత అని తేలుస్తారు. నెల ఖర్చు 4,80,000 రూపాయలు, లెక్కలోకి వచ్చిన రోజులు 6,000 అనుకుంటే రోజుకు 80 పడుతుంది. 25 రోజులు తిన్న విద్యార్థి 2,000 కడతాడు. ఇప్పుడు అదే మెస్‌లో నాన్ బోర్డర్లు, అంటే గది కేటాయింపు లేకుండా ఉంటున్నవారు, వారితోపాటు లెక్కకెక్కని అతిథులు కలిసి వెయ్యి రోజుల భోజనం చేశారనుకుందాం. పుస్తకంలో పడేది 5,000 రోజులే. రోజువారీ రేటు 96కు ఎగబాకుతుంది. మన 25 రోజులకు 2,400 అవుతుంది. తిన్నది అంతే, బిల్లు మాత్రం పెరిగింది. అందుకే రెండు మూడు మెస్‌లలో చేరే వీలున్నచోట, వంట రుచిని అడిగినట్టే, గెస్టుల పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో, గత మూడు నెలల రోజువారీ రేటు ఎంతో సీనియర్లను అడగడం మంచిది. మెస్ సెక్రటరీ చురుగ్గా ఉన్న హాస్టల్‌కూ, లేని హాస్టల్‌కూ తేడా తెలిసేది ఈ అంకెల్లోనే.

వేసవి సెలవుల్లో హాస్టళ్లు, మెస్‌లు మూసివేసే ఆనవాయితీ ఉంది. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకో, అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌కో సిద్ధమవుతూ మే నెలలో కూడా నగరంలోనే ఉండదలచినవారు ఆ నెలన్నరకు వేరే ఏర్పాటు చూసుకోవలసి ఉంటుంది.

## ప్రైవేటు కాలేజీల సొంత హాస్టళ్లు

ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్, మొయినాబాద్ వంటి శివార్లలోని ఇంజినీరింగ్ కాలేజీలకు ఈ ప్రశ్న ప్రధానంగా వర్తిస్తుంది. నగరం మధ్యలో ఉండి రోజూ కాలేజీ బస్సులో వెళ్లేవారు ఉదయం ఏడింటికల్లా రోడ్డు మీద నిలబడాలి. సాయంత్రం ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. బస్సుకు ఏటా విడిగా ఫీజు ఉంటుంది. ఆ రెండు మూడు గంటలను నాలుగేళ్ల మీద లెక్క వేసుకుంటే కాలేజీ హాస్టల్ ఫీజు అంత భారంగా అనిపించదు.

దీని బలం క్రమశిక్షణ, బలహీనత కూడా క్రమశిక్షణే. స్టడీ అవర్లు, హాజరు, తల్లిదండ్రుల ఫోను నంబరు నుంచి అనుమతి వస్తేనే అవుట్‌పాస్ వంటి పద్ధతులు ఇంటర్ దాకా రెసిడెన్షియల్‌లో చదివి వచ్చినవారికి కొత్తేమీ కాదు. కానీ పద్దెనిమిది నిండినవారిని కూడా అదే పద్ధతిలో నడిపిస్తే, మూడో ఏడాదికి ఇంటర్న్‌షిప్ కోసం మాదాపూర్‌కో గచ్చిబౌలికో రోజూ వెళ్లవలసి వచ్చినప్పుడు ఆ గేటే అడ్డవుతుంది. కాబట్టి నాలుగేళ్లకూ ఇదే అని నిర్ణయించుకోకుండా, మొదటి రెండేళ్లకు ఇక్కడ, ఆపైన బయట అని అనుకుని చేరడం వివేకం.

ఫీజును ఏడాదికి ఒకటి లేదా రెండు వాయిదాలలో ముందే తీసుకుంటారు. తిరిగి చెల్లింపు నిబంధన దరఖాస్తు వెనుక చిన్న అక్షరాలలో ఉంటుంది. దాన్ని చదివి, అర్థం కాని వాక్యం ఉంటే ఆఫీసులో అడిగి, జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకున్న తర్వాతే డబ్బు కట్టాలి. హాస్టల్ బిల్లులో జీఎస్టీ కలిపితే దాన్ని కూడా ప్రశ్నించాలి. ఒక్కొక్కరికి నెలకు 20,000 రూపాయల లోపు ఉండి, కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి 2024 జూలై నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. ప్రైవేటు హాస్టళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ర్యాగింగ్ గురించిన భయం ఎక్కువగా ఈ హాస్టళ్ల చుట్టూనే తిరుగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. వీలైనంత వరకు కొత్తగా చేరినవారిని వేరే బ్లాకులో ఉంచాలని 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నిబంధనలు చెబుతున్నాయి. మొదటి ఏడాది బ్లాకు వేరుగా ఉందా, రాత్రి ఆ బ్లాకులో వార్డెన్ నిద్రిస్తారా అన్న రెండు ప్రశ్నలకు సూటి జవాబు ఇవ్వలేని కాలేజీ విషయంలో ఆలోచించవలసిందే. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరును విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ ఫోన్లలో పెట్టుకోవాలి.

## సంక్షేమ హాస్టళ్లు, ట్రస్టుల వసతి గృహాలు

ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు సంక్షేమ శాఖలు నడిపే కాలేజీ హాస్టళ్లను మధ్యతరగతి కుటుంబాలు మొదటే కొట్టిపారేయడం చూస్తుంటాను. అర్హత ఉన్నప్పుడు ఒకసారి వెళ్లి చూడకుండా వద్దనుకోవడం సరికాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో డైట్ చార్జీలను, అంటే హాస్టల్ భోజనానికి ఇచ్చే మొత్తాన్ని, పెంచినప్పుడు ఇంటర్ నుంచి పీజీ దాకా విద్యార్థికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్న మొత్తం 2,100 అయింది. అద్దె భవనాలలో నడిచే హాస్టళ్లలో గదుల ఇరుకు, స్నానాల గదుల కొరత ఇప్పటికీ తీవ్రంగానే ఉన్నాయి. ప్రభుత్వ సొంత భవనం ఉన్నచోట పరిస్థితి మెరుగ్గా కనిపిస్తుంది. కాబట్టి పేరు చూసి కాకుండా భవనం చూసి నిర్ణయించుకోవాలి.

స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒక చిన్న విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఉపకార వేతనాలకు దరఖాస్తు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు ఈపాస్‌లో ఉపకార వేతనం మొత్తం కాలేజీకి అనుబంధంగా ఉన్న హాస్టల్‌వారికి ఒకలా, శాఖ హాస్టల్‌వారికి ఒకలా, డే స్కాలర్లకు, అంటే హాస్టల్‌లో ఉండకుండా వచ్చి చదివేవారికి, ఒకలా ఉంటుంది. సొంత డబ్బుతో ప్రైవేటు హాస్టల్‌లో ఉండే విద్యార్థి ఆ లెక్కలో డే స్కాలరే. ఈ వివరం తప్పుగా నింపితే పరిశీలన దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది. వసతి ఖరారైన తర్వాతే ఆ గడి నింపాలి.

నగరంలో ట్రస్టులు, సామాజిక వర్గ సంఘాలు నడిపే హాస్టళ్లకు వందేళ్ల చరిత్ర ఉంది. నిజాం కాలంలో కొత్వాలు (నగర పోలీసు అధిపతి)గా పేరొందిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో నెలకొల్పిన రెడ్డి హాస్టల్ వీటిలో ప్రసిద్ధమైనది. జిల్లాల నుంచి నిజాం రాజధానికి వచ్చిన తెలుగు పిల్లలకు నిలువ నీడ దొరికింది ఇలాంటి చోట్లే.   ఇప్పటికీ కాచిగూడ, అబిడ్స్, నారాయణగూడ ప్రాంతాల్లో ఇలాంటి వసతి గృహాలు నడుస్తున్నాయి. వీటిలో చేరడానికి ఊళ్లోని పెద్దమనిషి సిఫారసు ఉత్తరం, మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం అవసరమవుతుంటాయి. సీట్లు తక్కువ కాబట్టి ఫలితాలు రాగానే కదలాలి.

## నగరంలోని ప్రైవేటు హాస్టళ్లు

అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్, మాదాపూర్‌లలో వీధికి నాలుగైదు చొప్పున కనిపించే ఈ హాస్టళ్లే చివరికి అత్యధికులకు ఆధారమవుతున్నాయి. ధర టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అంటూ గదిలో ఎందరున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. ఏ పేటలో ఎవరుంటారో తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్టే. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్‌లలో సాఫ్ట్‌వేర్ కోర్సులవారు ఎక్కువ. వారు రెండు మూడు నెలలకు మారిపోతుంటారు కాబట్టి గదిలో తోటివారు స్థిరంగా ఉండరు. అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతం గ్రూప్స్ అభ్యర్థులది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గరలో ఉండటం, వీధుల్లో నెలవారీ రీడింగ్ రూములు దొరకడం అక్కడి ఆకర్షణ. మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉద్యోగులదే సంఖ్యాబలం. షిఫ్టులు ముగించుకుని అర్ధరాత్రి వచ్చి లైటు వేసేవారి మధ్య మొదటి సంవత్సరం విద్యార్థి చదువు సాగడం కష్టం.

చూడటానికి వెళ్లేటప్పుడు మధ్యాహ్నం వెళ్లకూడదు. ఆ సమయానికి గదులు ఖాళీగా, నేల తుడిచి, దుప్పట్లు సర్ది ఉంటాయి. రాత్రి ఎనిమిదింటికి వెళ్తే అసలు రూపం తెలుస్తుంది. భోజనాల వరుస ఎంత పొడవుందో, చివర ఉన్నవారి పళ్లెంలో కూర ముక్కలు పడుతున్నాయో, పులుసే పడుతుందో చూడాలి. గదిలో ప్రతి మంచం దగ్గరా ఫోను చార్జింగ్‌కు ఒక ప్లగ్గు పాయింటు ఉందో, నలుగురికీ కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడుతోందో చూడాలి. కిటికీ తెరిచి చూడాలి. పక్క భవనం గోడ చేతికి తగిలేంత దగ్గరగా ఉంటే ఆ గదిలో ఆరేసిన బట్టలు వానాకాలమంతా ముక్క వాసన వేస్తాయి. బాత్‌రూములో కుళాయి తిప్పి, నీళ్ల ధార చూసి, అవి నల్లా నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకరు నీళ్లా అని అక్కడున్న విద్యార్థులనే అడగాలి. నగరానికి పడమటి వైపు ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ల మీద ఆధారపడే భవనాలు ఎక్కువ.

భద్రత విషయంలో అందరూ సీసీ కెమెరాల గురించి అడుగుతారు, మెట్ల గురించి ఎవరూ అడగరు. చాలా ప్రైవేటు హాస్టళ్లు కుటుంబాలు నివసించడానికి కట్టిన ఇళ్లలోనో, కింద దుకాణాలున్న వాణిజ్య భవనాలలోనో నడుస్తున్నాయి. ఒకే మెట్ల దారి, దాని మొదట్లోనే కరెంటు మీటర్లు, దాని పక్కనే బైకులు, పైన చెక్క ప్లైవుడ్ గోడలతో చీల్చిన గదులు కనిపిస్తే ఆ చోటు ఎంత చవకైనా వదులుకోవడమే మేలు. అమ్మాయిల హాస్టళ్లలో రాత్రి గేటుకు బయటి నుంచి తాళం వేస్తారో, లోపలి నుంచి వేస్తారో, తాళం చెవి ఆ రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో తప్పక అడగాలి.

అడ్వాన్సు విషయంలో వాదనలు నెలకొకసారి వినిపిస్తూనే ఉంటాయి. మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు, నెల నోటీసు అంటే ముప్పై రోజులా లేక ఒకటో తారీఖు లోపు చెప్పాలా, సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే తగ్గింపు ఉంటుందా అన్నవాటికి జవాబులు రసీదు మీదే రాయించుకోవాలి. రసీదు ఇవ్వని చోట డబ్బును యూపీఐ ద్వారా పంపి, దేనికోసం పంపుతున్నారో అందులో రాయాలి.

## అద్దె గది

నలుగురు స్నేహితులు కలిసి గది తీసుకోవడం రెండో ఏడాది నుంచి పనికొచ్చే ఏర్పాటు. టులెట్ బోర్డు చూసి ఫోను చేస్తే మొదటి ప్రశ్న ఫ్యామిలీనా, బ్యాచిలర్సా అన్నదే. బ్యాచిలర్స్ అనగానే చాలామంది ఫోను పెట్టేస్తారు. దొరికిన చోట నీళ్ల బిల్లు, మెయింటెనెన్స్, రాత్రి వచ్చే స్నేహితుల గురించి యజమాని షరతులు వినాలి. అన్నం గదిలో వండుకుని కూరలు కర్రీ పాయింటు నుంచి తెచ్చుకుంటే భోజనం ఖర్చు అదుపులో ఉంటుంది. కానీ ఈ ఏర్పాటు మొత్తం అంట్లు ఎవరు తోముతారన్న ప్రశ్న మీద నిలబడి ఉంటుంది. నలుగురిలో ఒకరు సెమిస్టర్ మధ్యలో వెళ్లిపోతే అద్దె ముగ్గురి మీద పడుతుంది కనుక, ఒప్పంద పత్రంలో కనీసం ఇద్దరి పేర్లు ఉండేలా చూసుకోవాలి. వండుకోవడం ఇష్టమున్నవారికి, పథ్యం తప్పనిసరి అయినవారికి దీన్ని మించింది లేదు. వంట రానివారు నలుగురు చేరితే మాత్రం రెండో నెల నుంచి రోజూ బయటి తిండే అవుతుంది.

## ఎవరికి ఏది తగును

మొదటిసారి ఇల్లు విడిచి వస్తున్న పద్దెనిమిదేళ్ల విద్యార్థికి క్యాంపస్ లోపలి వసతి ఏదైనా బయటిదాని కన్నా మేలు. ఖర్చులో తేడా ఏడాదికి పది పదిహేను వేలలోపు ఉంటే రెండో ఆలోచన అక్కర్లేదు. కొత్త నగరంలో దారులు, బస్సులు, మనుషులు తెలిసేదాకా రోజుకు రెండు గంటలు మిగలడం చిన్న విషయం కాదు.

పీజీ చేస్తూ పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారికి విశ్వవిద్యాలయ హాస్టల్ సీటు వస్తే సరే. రాకపోతే కాలేజీకి దగ్గరగా ఉన్నదాని కన్నా, మంచి రీడింగ్ రూముకు దగ్గరగా ఉన్న హాస్టల్ చూసుకోవడం లాభం. తరగతులు రోజుకు మూడు నాలుగు గంటలుంటే, చదువు పది గంటలుంటుంది. ప్రయాణం లెక్క ఏది ఎక్కువో దాన్ని బట్టి వేసుకోవాలి.

అమ్మాయిల తల్లిదండ్రులు గేటు ఎంత తొందరగా వేస్తే అంత భద్రత అనుకుంటారు. నేను ఒప్పుకోను. ల్యాబ్ ఆలస్యమై ఎనిమిదిన్నరకు వచ్చిన అమ్మాయిని గేటు బయట నిలబెట్టి ఫోన్లు చేయించే హాస్టల్ కన్నా, పదింటి దాకా పేరు రాసుకుని లోపలికి రానిచ్చే హాస్టలే భద్రం. అబ్బాయిలకు లేని సమయ నియమం అమ్మాయిలకు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. అది మారేలోగా, ఆలస్యమైతే ఏం చేస్తారన్నది చేరకముందే వార్డెన్‌ను అడిగి, ఆ జవాబును బట్టి నిర్ణయించుకోవాలి.

ఆదాయం తక్కువగా ఉండి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవారు ముందుగా సంక్షేమ హాస్టల్‌కూ, విశ్వవిద్యాలయ హాస్టల్‌కూ రెండింటికీ దరఖాస్తు చేసి, అవి తేలేదాకా ప్రైవేటు హాస్టల్‌లో నెలవారీగా మాత్రమే ఉండాలి. మూడు నెలల డబ్బు ఒకేసారి కడితే తగ్గిస్తామన్న మాటకు ఈ దశలో లొంగకూడదు. ఆహారం విషయంలో పట్టింపులున్నవారు, ఆస్తమా వంటి సమస్యలున్నవారు ఫోర్ షేరింగ్ ప్రైవేటు గదిని ఎంత చవకగా వచ్చినా పక్కన పెట్టడం మంచిది.

## మారదలచుకుంటే

చేరిన చోటు నచ్చకపోతే ఏడాది చివరిదాకా భరించనక్కర్లేదు గానీ, రెండో వారంలోనే మారడం కూడా తొందరపాటే. మెస్ బిల్లు ఒకటి చేతికొచ్చేదాకా, ఒకసారి ఇంటర్నల్ పరీక్షలు రాసేదాకా ఆగితే, ఇబ్బంది చోటుదో, కొత్తదనానిదో తెలిసిపోతుంది. ప్రైవేటు హాస్టళ్లలో అడ్మిషన్ల కాలమైన జూన్ నుంచి సెప్టెంబరు దాకా బేరానికి వీలుండదు. మొదటి సెమిస్టర్ ముగిసి, సంక్రాంతికి ఊరెళ్లినవారిలో కొందరు తిరిగి రాని రోజుల్లో ఖాళీలు కనిపిస్తాయి. విశ్వవిద్యాలయ హాస్టళ్లలో కూడా మధ్యలో ఉద్యోగాలు వచ్చి, కోర్సు మానేసి వెళ్లేవారి సీట్లకు రెండో జాబితా వేసే చోట్లున్నాయి. చీఫ్ వార్డెన్ ఆఫీసు నోటీసు బోర్డును జనవరిలో మరోసారి చూడాలి. పాత హాస్టల్‌కు ఖాళీ చేస్తున్నామన్న కబురు నోటిమాటగా కాక, ఒకటో తారీఖు లోపే యజమాని నంబరుకు వాట్సాప్ సందేశంగా పంపి, సరే అన్న జవాబు వచ్చాకే కొత్తచోట అడ్వాన్సు కట్టాలి.